చెయ్యి వణికిందనుకున్నాను

ఆ ఆదివారం నేను వరసగా ఇరవై తూటాలు పేల్చినా ఒక్క ఇనప కోడి కూడా పడలేదు. యాభై మీటర్ల దూరంలో ఒక ఇనప కమ్మీ మీద వరసగా నిలబెట్టిన కోళ్లవి. పందులు, టర్కీ కోళ్లు, అన్నిటికంటే దూరంగా పొట్టేళ్లు, అన్నీ ఇనప రేకు నుంచి కోసినవే, వాటి వెనక ఉంటాయి. ఆరు నెలల కిందటి దాకా ఈ కోళ్లు నాకు ఒక లెక్క కాదు. ఆ రోజు మాత్రం తగలాల్సిన తూటాలన్నీ వాటి కాళ్ల కింద మట్టిని లేపాయి.

నేను పళ్ల డాక్టర్ని. వయసు యాభై రెండు. మాసన్ లేక్స్ అనే శివారు పేటలో ఇల్లు, పది నిమిషాల దూరంలో క్లినిక్. తోటి డాక్టరొకావిడ సరదాగా పిలిస్తే నాలుగేళ్ల కిందట పిస్టల్ క్లబ్బులో చేరాను. మొదట చిన్న పిస్టల్. తరవాత ఒకరోజు ఎవరో తమ ఫోర్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్ చేతికిచ్చి పేల్చి చూడమన్నారు. పేల్చాను. మోచేతుల దాకా జివ్వుమంది. రెండు వందల మీటర్ల అవతల పొట్టేలు పడిపోయింది, పడిన చప్పుడు కాస్త ఆగి వినిపించింది. రోజంతా మెత్తగా మాట్లాడుతూ, ఇంకొకరి నోట్లో అర మిల్లీమీటరు అటూ ఇటూ కాకుండా పనిచేసే మనిషిని. అంత పెద్ద చప్పుడు నేనే చేశానంటే నాకు నవ్వాగలేదు.

వేరే దేశాల్లో ఆ రివాల్వర్‌తో జింకల్నీ అడవిపందుల్నీ వేటాడతారు. మేముండే ఈ దేశంలో చేతి తుపాకీతో వేటకు చట్టం ఒప్పుకోదు. ఈ ఇనప జంతువుల పోటీల కోసమే ఉంచుకోవాలి, అదీ క్లబ్బు ఉత్తరం రాసిస్తేనే. కాగితాలన్నీ అయ్యి నాది అంటూ ఒకటి ఇంటికొచ్చేసరికి చాలా నెలలు పట్టింది. నేలకు బిగించిన ఇనప్పెట్టెను పోలీసులొచ్చి చూసి వెళ్లాక మావారు, "మన దేవుడి గదికి లేని సెక్యూరిటీ దీనికుందే" అన్నారు.

కోళ్లన్నీ తప్పిన మర్నాడు, సోమవారం పొద్దున, ఒక పెద్దాయన పంటి వేరు శుభ్రం చేస్తున్నాను. నా చేతిలో అద్దం ఆయన పక్క పంటికి తగిలి టిక్కుమంది. ఆయనకు తెలియలేదు. నా నర్సు మాత్రం తలెత్తి చూసింది. సాయంత్రం ఇంట్లో కాఫీ కప్పు అందిస్తుంటే, యూనివర్సిటీలో చదువుతున్న మా అమ్మాయి నా చేతి వైపు చూసి, "మమ్, యువర్ హ్యాండ్ ఈజ్ షేకింగ్" అంది.

"పొద్దుట్నుంచీ డ్రిల్ పట్టుకునున్నా కదమ్మా, టైర్డ్" అన్నాను.

వంటింట్లోకి వెళ్లి సింకు పట్టుకుని నిలబడ్డాను. మా నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. సుద్దముక్కతో నల్లబల్ల మీద ఒక్క ఊపులో గుండ్రటి సున్నా గీసేవారు. యాభై మూడో ఏట ఒకరోజు ఆ సున్నా కొసలు కలవలేదు. పిల్లలు నవ్వారని ఇంటికొచ్చి ఆయనే చెప్పారు. తరవాత చెయ్యి, ఆ తరవాత నడక, చివరికి మాట. ఆ వణుకుడు జబ్బేమిటో నాకు తెలుసు. ఎలా మొదలవుతుందో ఇంకా బాగా తెలుసు.

ఎవరికీ చెప్పలేదు. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లి న్యూరాలజిస్టుకు ఉత్తరం రాయించుకున్నాను. ఆరు వారాల తరవాత అపాయింట్‌మెంట్ దొరికింది. ఈలోపు పంటి వేరు పనులన్నీ క్లినిక్‌లో ఉన్న కుర్ర డాక్టర్‌కి అప్పగించాను. మెడ నొప్పి అని సాకు చెప్పాను. భోజనాల దగ్గర ఎడమచేత్తో గ్లాసు పట్టుకునేదాన్ని. చాపిన చేతి మీద కాగితం పెట్టి అది కదులుతోందా అని చూసుకునేదాన్ని. అలా చూస్తే ఎవరి చేతి మీదైనా కాగితం కదులుతుందని డాక్టర్‌గా నాకు తెలుసు. తెలిసినా రోజూ చూసేదాన్ని.

రెండు వారాలయ్యాక, రివాల్వర్ పట్టుకుని, దాన్ని అమ్మేస్తానని చెప్పడానికి క్లబ్బుకు వెళ్లాను. మా కోచ్ ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, బతుకంతా గొర్రెలు పెంచిన రైతు. ఎందుకమ్ముతున్నావని అడిగారు. మావారికి చెప్పలేనిది ఆయన దగ్గర ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. నాన్న సంగతి కూడా చెప్పాను.

ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "డాక్, ఆ రివాల్వర్ బయటికి తియ్యి. లోడ్ చేసేది నేను. నువ్వు చూడకు" అన్నారు.

నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆయన సిలిండర్ నింపి, మూసి, నా చేతికిచ్చారు. కోడికి గురిపెట్టాను. మొదటి తూటా పేలింది, మళ్లీ కిందికే పోయింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కాను. క్లిక్ మని ఊరుకుంది. ఆయన సిలిండర్‌లోని ఆ గదిలో పేలిన తూటా ఖాళీ డొప్ప పెట్టారు. తూటా పేలలేదు, చప్పుడు లేదు, వెనక్కి తన్నడమూ లేదు. అయినా నా రివాల్వర్ ముక్కు గబుక్కున నేల వైపు వంగింది. నా కళ్లముందే వంగింది.

"చూశావా?" అన్నారు.

"చూశాను."

"మళ్లీ."

మళ్లీ క్లిక్, మళ్లీ అదే. ఈసారి నాకు సిగ్గేసింది. ఇంజక్షన్ సూది చూడగానే తల పక్కకు తిప్పుకునే పేషెంట్లు గుర్తొచ్చారు. తిప్పుకున్నామని వాళ్లకూ తెలియదు.

"అది తంతుందని నీ చెయ్యి ముందే భయపడి కిందికి తోసేస్తోంది" అన్నారాయన. "కావాలని చేస్తున్నది కాదు. గురిపెట్టి ఉన్నంతసేపూ గొట్టం కదలకుండా ఉంది, నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నా. ఆదివారం ఎన్ని పేలుస్తావు?"

"నూట యాభై దాకా. చలికాలం నుంచి ఆ బరువు తూటాలు వాడుతున్నాను కదా, అలవాటు కావాలని."

ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు. "నూట యాభయ్యా! దీంతోనా? నేను నలభైకి ఆపేస్తాను. దాటితే మర్నాడు షర్టు గుండీలు కూడా పెట్టుకోలేను." టోపీ మళ్లీ పెట్టుకుని, "నాకు తెలిసింది గొర్రెల వైద్యం. నువ్వు ఆ డాక్టర్ దగ్గరికి మటుకు వెళ్లు" అన్నారు.

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. కళ్లద్దాల లోపల తడి చేరితే తుడుచుకోవడానికి రివాల్వర్ బల్ల మీద పెట్టాల్సొచ్చింది. ఆయన అటు తిరిగి ఖాళీ డొప్పలు ఏరుకుంటూ కూర్చున్నారు.

సాయంత్రం మావారు వెనక పెరట్లో టమాటా మొక్కలకు కర్రలు కడుతుంటే వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"టూ వీక్స్ నుంచి నువ్వొక్కదానివే మోస్తున్నావా ఇది? ఆ ముసలాయనకి ముందు చెప్పి, నాకు లాస్ట్‌లోనా?"

"మీరు భయపడతారని..."

"నేను భయపడితే ఏమయిద్దంట? ఇద్దరం కలిసి భయపడేవాళ్లం." తాడు కింద పడేసి లోపలికి వెళ్లిపోయారు. భోజనాలయ్యాక ఫోన్ తీసి, "ఏ డేట్? క్యాలెండర్‌లో పెడతా. లీవ్ పెట్టాలి" అన్నారు.

బరువు తూటాలు పక్కనపెట్టాను. ఆదివారం నలభైకి ఆపేశాను. సోమవారాలు అద్దం పక్క పంటికి మళ్లీ తగల్లేదు. అయినా న్యూరాలజిస్టు గదిలో చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నన్ను నడిపించింది, వేళ్లు గబగబా ఆడించమంది, మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది, కాగితం మీద నత్తగుల్లలాంటి చుట్టలు గీయించింది. చుట్టలు గీస్తుంటే మావారు కుర్చీలో ముందుకు వంగి నా పెన్ను వంకే చూస్తున్నారు.

"మీ నాన్నగారి జబ్బు ఛాయలేమీ నాకు కనపడటం లేదు" అందావిడ. "అలిసిపోయిన కండరాలు, బహుశా కాఫీ కూడా. ఏడాది తరవాత ఒకసారి రండి, మీ మనశ్శాంతి కోసం."

బయటికొచ్చి కారులో కూర్చున్నాం. ఆయన స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి అలాగే ఉండిపోయారు. నేను వీపు నిమిరాను. కాసేపటికి తలెత్తి, "పొద్దున్నుంచీ ఏం తినలా నేను. నీకు ఆకలవట్లా?" అన్నారు.

ఆ మాటతో నాకూ ఆకలేసింది. దారిలో చేపలు వేయించి అమ్మే దుకాణం దగ్గర ఆగి బంగాళాదుంప చిప్స్ కొనుక్కున్నాం, పొట్లం ఇద్దరి మధ్యా పెట్టుకుని వేడివేడిగా తిన్నాం. ఉప్పు అంటిన వేళ్లతోనే మా అమ్మాయికి ఫోన్ చేశాను. దానికి ఇదంతా మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. అంతా విని, "అమ్మా!" అని అరిచింది, ఇన్నాళ్లూ దాచినందుకు ఇంగ్లీషులో గట్టిగా తిట్టింది. స్పీకర్లో వింటూ ఆయన తలూపుతూనే ఉన్నారు, చిప్స్ తింటూ.