ఏడు ఉత్తరాలూ, వేయని ఆకూ

ఏడు కాగితాలు. ఏడూ కలిపితే గుప్పెడు చింతపండంత తూగవు. మదనపల్లె టమోటా మండీలో కాటా పక్కన ఇరవై ఏళ్లు నిలబడినవాణ్ణి, ఏది ఎంత తూగుతుందో చేత్తో ఎత్తి చెప్పగలవాణ్ణి. ఈ ఏడు కాగితాలను మాత్రం పన్నెండేళ్లు మోశాను, దించుకోలేకపోయాను. మొన్న పెద్దల అమావాస్య దాకా ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు మొదటినుంచీ చెప్పగలుగుతున్నాను.

ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువు నాకు నేనే చెప్పుకున్నాను. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసే పాతకాలపు గొలుసుకట్టు రాతను కూడా, పాత దస్తావేజులు ముందు పెట్టుకుని పట్టుబట్టి నేర్చుకున్నాను. ఎందుకంటే కోపం. పందొమ్మిదో శతాబ్దం చివర మా తాత నాటక సమాజం పెట్టి, తెరలూ కిరీటాలూ ఎద్దుబండ్లకెత్తి మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగాడు. నాటకాల చరిత్ర రాసిన పెద్ద చదువుల వాళ్లు ఆయన పేరు ఒక్కచోటా రాయలేదు. ఈ మెట్ట సీమలో ఆడినవాళ్లు నటులు కారా? ఆ కోపం నాకింకా చల్లారలేదు. కానీ ఇక్కడ కోప్పడవలసింది వాళ్ల మీద కాదు.

మా తాత వేషాల పెట్టె మా ఇంట్లోనే ఉంది. తొంభైల నడుమ ఒక పొద్దున దాని అడుగు పలక ఊడదీసి తుడుస్తుంటే, పాత గుడ్డలో చుట్టిన ఉత్తరాలు కనిపించాయి. నాటకం కరపత్రాల వెనక గొలుసుకట్టులో రాసినవి. రాసింది రమణప్ప. మా తాత సమాజంలో ఆడవేషాలు కట్టిన కుప్పం మనిషి. ఆయన చీర కట్టి నడిస్తే ఊళ్లో ఆడవాళ్లే ఆ నడక నేర్చుకునేవాళ్లని మా నాయన చెప్పేవాడు.

ఏడూ పుంగనూరు మకాం నుంచి భార్యకు రాసినవి. మొదటి రెండింటిలో కబుర్లు. గాజు పగిలి మణికట్టు తెగిందనీ, మీసం లేని మొహంతో ఇంటికొస్తే పుట్టే బిడ్డ తనను అత్త అనుకుంటుందనీ. మూడో దాంట్లో జ్వరం మొదలైంది. తర్వాత అన్నింటిలోనూ జ్వరమే. 'జ్వరము విడువలేదు. అయినను నిన్న రాణి వేషము కట్టితిని. మీ అన్నను బండి కట్టించి పంపవలెను. నేను నడువలేను.' చివరి రెండు ఉత్తరాల్లో బండి మాట తప్ప మరో మాట లేదు.

సమాజంలో ఒక కట్టుబాటు ఉండేది. వచ్చే ఉత్తరమైనా పోయే ఉత్తరమైనా పెద్ద చేతి మీదుగానే నడవాలి. మా తాతే పెద్ద. ఆ ఏడింటినీ తీసుకున్నాడు, ఒక్కటీ పంపలేదు. మొదటి రెండూ ఎందుకు ఆపాడో తెలియదు గానీ, మిగతావి ఎందుకు ఆపాడో తెలుస్తూనే ఉంది. బండి వస్తే రాణి వెళ్లిపోతుంది. రాణి లేకపోతే ఆట లేదు. ఏడో ఉత్తరం మూలన మా తాత చేతిరాతతో ఒక ముక్క ఉంది: 'ఈ మకాము ఆటలు ముగిసినాక పంపవలె.' అదే పెట్టెలో ఉన్న ఆయన పుస్తకంలో ఇంకో పంక్తి: 'రమణప్ప పోయినాడు. పుంగనూరు సత్రము.' అంతే. ఇంటివాళ్లకు కబురు పంపినట్టు ఎక్కడా లేదు.

ఆ ఉత్తరాలు చదివి నేనేం చేశాను? మళ్లీ గుడ్డలో చుట్టి పలక కింద పెట్టేశాను. ఆ నెలలోనే మా తాత పేరు మీద సభ. ఏళ్ల తరబడి ఏళ్ల తరబడి నేను ఎందరి గుమ్మాలో ఎక్కి దిగితే ఊరి పెద్దలు ఒప్పుకున్న సభ. ఆయన పటం పెడతారు, దండ వేస్తారు. ఆ కబురు పేపర్లో చూసి, కుప్పం నుంచి బస్సులు మారి కనకమ్మ మా ఇంటికి వచ్చింది. రమణప్ప మనవరాలు. నాకంటే నాలుగేళ్లు పెద్దది.

వాళ్లింటి కథ ఆమె చెబితేనే నాకు తెలిసింది. రమణప్ప ఎవరితోనో మైసూరు పక్కకు వెళ్లిపోయాడని వాళ్లకు అప్పట్లో సమాజం వాళ్లే చెప్పారట. ఆమె అవ్వ బొట్టు చెరుపుకోకుండా, మొగుణ్ణి తిట్టుకుంటూనే పోయిందట. పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక విస్తరాకు వేసి వడ్డిస్తాం కదా. వాళ్లింట్లో రమణప్పకు ఆకు లేదు. తండ్రి వేయలేదు, ఇప్పుడు తమ్ముడు వేయనివ్వడు.

సభ కోసం కట్టించి తెచ్చిన మా తాత పటం వంక ఆమె చాలాసేపు చూసింది. "మీ తాత మీసాలు సూస్తే నిజంగా రాజేనప్పా. ఆ మీసాల పక్కన మా తాత చీర కట్టుకొని నిలబడింటాడు," అని కాస్త నవ్వింది. తర్వాత మెల్లగా అంది: "మీ తాతకు పూలదండ ఏస్తాండారు. సంతోషం. మా తాతకు ఆకు గూడా లేదు. పారిపోయినోడికి యాల వడ్డించేది అంటాడు మా తమ్ముడు. ఆయన రాసిన ముక్క ఏదన్నా ఈడ ఉండాదా అప్పా? ఒక్కటి సాలు."

ఆమె కూర్చున్నది ఆ పెట్టె మీదే.

"లేదక్కా," అన్నాను. "ఉంటే ఇయ్యనా?"

"పోనీ, యాడికి పోయినాడని మీ పెద్దోళ్లు అనుకుంటాండ్రి?"

"మైసూరు పక్కకంట."

"అట్లయితే నిజమే," అంది. "మా అవ్వ తిట్టిందాంట్లో తప్పు లేదు." కాఫీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లింది.

లేదు అని ఊరుకున్నా సగం తప్పుతో పోయేది. మైసూరు అని ఎందుకన్నాను? ఎవరు అడిగించారు నా చేత? వందేళ్ల కిందటి అబద్ధం నా నోట్లో కొత్తదానిలాగా ఎంత సులువుగా తిరిగింది! సభ అయిపోనీ, ఆ తర్వాత నేనే కుప్పం వెళ్లి ఇస్తాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. సభ అయింది. దండ వేశారు. ఇప్పుడిస్తే అప్పుడెందుకు లేదన్నావంటారని ఒక ఏడాది, ఆమెకు ఒంట్లో బాగాలేదని విని ఇంకో ఏడాది. మా తాత కూడా ఆటలు ముగియనీ అనే కదా అనుకున్నాడు. ఆ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. పరాయివాళ్ల తప్పులు వేలు పెట్టి చూపడానికి మాత్రం నాకు ఒక్క పూట చాలేది.

ఆరేళ్లకు కనకమ్మ పోయింది. ఆ ఏటి అమావాస్యకు ఉత్తరాలు సంచిలో పెట్టుకుని కుప్పం వెళ్లాను. దారిలో పుంగనూరులో బస్సు ఆగితే, ఆ సత్రం ఎటు ఉండేదో అని కిటికీలోంచి చూశాను. తెలియలేదు. కనకమ్మ తమ్ముడు నన్ను ఆదరంగా కూర్చోబెట్టాడు. కనకమ్మ పేర కొత్త ఆకు వేశారు. నేను ఆకులు లెక్కపెట్టాను. రమణప్పది లేదు. వాళ్లతోపాటు కూర్చుని తిన్నాను. సంచి నా మోకాలికి ఆనుకునే ఉంది. తిరిగి తెచ్చుకున్నాను. ఆ అన్నం ఎలా దిగిందని మీరడగవద్దు. దిగింది.

ఈ ఏటి అమావాస్యకు నెల ముందు, ఉత్తరాలన్నింటినీ అందరూ చదవగలిగే రాతలో తిరగరాశాను. మా తాత చేసింది ఒక కాగితం, నేను చేసింది రెండు కాగితాలు రాసి, అసలు ఉత్తరాలతో కలిపి ఆ తమ్ముడికి రిజిస్టరు చేశాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డు వచ్చింది. జాబు రాలేదు. ఆకు వేశారో లేదో తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

అమావాస్యనాడు మా ఇంట్లో మా తాతకు ఎప్పటిలాగే ఆకు వేశారు. ఆ ఆకు ముందు నిలబడి, ఆయన చేసిందీ నేను చేసిందీ అందరూ వినేట్టు చెప్పాను. గొంతు ఎక్కడా ఆగలేదు. ఇంత చిన్న మాటలా ఇవి అనిపించింది. పెద్ద కోడలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"వడ్డించేదా వద్దా మామా?"

వడ్డించమన్నాను. ఆయన ఏం చేశాడో తెలిసి వడ్డించడం మా ఇంట్లో అదే మొదలు.