పలుపు వదిలేసి తెచ్చిన పాటల పెట్టె

పాత శాంప్లర్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసినప్పుడు నేను సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతున్నాను. ఫోనులో దాని ఫొటో చూస్తూ చేతిలోని నీళ్ల పైపు ఎటు తిరిగిందో గమనించలేదు. పక్క వరుసలో పనిచేస్తున్న ఆమె నిలువునా తడిసింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నవ్వు ఆపుకోలేక ఇంకా నాలుగు తిన్నాను.

శాంప్లర్ అంటే చిన్న పెట్టె. పైన రబ్బరు బిళ్లలుంటాయి. మైకులో మనం పాడిన ముక్కను ఒక బిళ్లలో దాచుకోవచ్చు. నొక్కితే ఆ ముక్కే మళ్లీ మళ్లీ వస్తుంది. దానితో నాకేం పనంటే, మా ఊరి శనివారం భజన ఆగిపోయేలా ఉంది. పార్కు వచ్చాక భజన చేసేవాళ్లలో కొందరు సెక్యూరిటీలో చేరారు, కొందరు గడ్డి కోసే పనిలో చేరారు, ఒకరి షిఫ్టు ఒకరికి కలవదు. డ్యూటీ లేనివాళ్లు కూడా రామమందిరం దారి మరిచిపోయారు. చివరికి మిగిలింది ముందు పాడే నేను, వంత పాడే మా నాయన. ఇద్దరితో భజనంటే దేవుడికే మొహమాటంగా ఉంటుంది. "ఈ శనివారం అయినాక తలుపు మూసేద్దాంలేరా" అన్నాడు నాయన. వంత గొంతులను పెట్టెలో నింపుకుంటే మూయక్కర్లేదని నా ఆలోచన.

అది సగం నిజం. మిగతా సగం, నాకు ఆ పెట్టె కావాలి. పిచ్చిగా కావాలి.

అమ్మే ఆయన వై.ఎన్.హొసకోటలో ఆర్కెస్ట్రా నడిపి మానేసినవాడు. కొనాలో వద్దో తేలక నాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. నాయన గొర్రెలు కాశాడు, ఎద్దులు కొన్నాడు, అమ్మాడు. మా నేల ప్యానెళ్ల కిందికి పోయాక బేరమాడే పని లేక చేతులు దురద పెడుతున్నాయి. పెట్టెను ఒళ్లో పెట్టుకుని, తలకిందులు చేసి, ఒక్కో బిళ్లా నొక్కి చూశాడు. ఆయుధపూజకు పెట్టిన కుంకుమ దాని సందుల్లో ఇంకా ఉంది. ఒక బిళ్ల నొక్కితే డోలు మోగింది. ఇంకొకటి నొక్కితే కుక్క మొరిగింది. నాయన ఉలిక్కిపడి కాళ్లు పైకి లాక్కున్నాడు.

"శనివారం దాకా పెట్టుకొని చూడప్పా. నచ్చకుంటే తెచ్చిచ్చేయి" అన్నాడు అమ్మే ఆయన. అంతకన్నా ఏం కావాలి! నాయన పెట్టెను సంచిలో సర్దుకుని వచ్చేలోపు నేను బండి స్టార్ట్ చేసి ఉంచాను.

ఇంటికొచ్చి చూస్తే కరెంటు వైరు లేదు.

"వైరు యాడుండాది నాయనా?"

"ఆయప్పకే ఇచ్చేస్తి."

"ఎందుకు?"

"ఎందుకేందిరా? ఎద్దును తోలుకొస్తే మెడకు కట్టిన పలుపుతాడు అమ్మినోని చేతికే ఇచ్చి రావల్ల. దాన్ని కూడా తెచ్చుకుంటే ఆయప్పింట్లో లక్ష్మి మన ఎంబడి వచ్చేస్తాది. అట్ల చెయ్యగూడదు."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? కండ్లకద్దుకొని తీసుకున్నాడు."

"నేనింకా కొనల్యాదు నాయనా!"

"పలుపిచ్చినాక కొన్నట్లే."

నాకు కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. కరెంటు వైరును కళ్లకద్దుకుంటున్న ఆ ఆర్కెస్ట్రా ఆయన మొహం ఊహించుకుని పడీపడీ నవ్వాను. పెట్టె వెనక బ్యాటరీలు వేసుకునే చోటుంది కాబట్టి బతికిపోయాను.

శనివారం సాయంత్రం మందిరంలో పెట్టెను స్పీకరుకు తగిలించాను. నాయన పాడిన వంతను ఒక బిళ్లలో పట్టాను. దాని మీద ఇంకోసారి పాడించాను, దాని మీద మళ్లీ. అలా నాయన మీద నాయనను పేర్చుకుంటూ పోయి నొక్కేసరికి మందిరం నిండా నాయనలే.

"ఎవడురా వాడు, అట్ల సాగదీస్తాండాడు?"

"నువ్వే నాయనా."

"నేనట్ల పాడను. వాడు తాళం తప్పతాండాడు సూడు."

వాడికి బుద్ధి చెప్పాలని నాయన గొంతెత్తాడు. నాకూ పూనకం వచ్చినట్టయింది. ఎంత గట్టిగా పాడానో, పాట మధ్యలో ఎన్నిసార్లు నవ్వానో నాకే తెలియదు. అంతలో షిఫ్టు దిగి వస్తున్న జీపొకటి బయట ఆగింది. అందులో ఉన్నది మా పాత భజనవాళ్లే.

"మమ్మల్ని పిలవకుండా ఇంతమందిని యాడ నుంచి తెచ్చుకున్యారప్పా?" అని బూట్లు విప్పుతూనే గొడవకు దిగారు. లోపలికొచ్చి, మేమిద్దరమే ఉండడం చూసి నోరెళ్లబెట్టారు. తర్వాత ఒకడు తాళాలు అందుకున్నాడు. ఒకడు నాయన పక్కన చేరి వంత కలిపాడు. నేను మెల్లగా పెట్టెను ఆపేశాను. ఎవరూ గమనించలేదు. హారతి అయ్యేసరికి వచ్చే శనివారానికి ఎవరు డ్యూటీ మార్చుకోవాలో వాళ్లలో వాళ్లే వాదించుకుంటున్నారు.

ఇంటికి నడుస్తుంటే గాల్లో తేలుతున్నట్టుంది. అప్పుడే గుర్తొచ్చింది, మనుషులు వచ్చేశాక ఇక పెట్టెతో పనేముంది?

"రేపు దీన్ని ఇచ్చేసొస్తా నాయనా" అన్నాను. అనడమైతే అన్నాను గానీ సంచిని గుండెకు ఆనించి పట్టుకున్నాను.

నాయన ఆగాడు. "దాంట్లో ఉండే నా గొంతో?"

"తుడిచేసి ఇస్తా."

"తుడిస్తే పోతాదా?"

"పోతాది."

నాయన సంచి మీద చెయ్యి వేశాడు. "గొర్రెలు పాయ. నేల పాయ. ఇదన్నా ఇంట్లో ఉండనీరా" అన్నాడు.

"ఇవ్వను నాయనా, ఎవరికీ ఇవ్వను" అన్నాను. ఆ సంతోషంలో నాకు ఏడుపొచ్చేసింది.