పుచ్చుకోవడం రాని షిగెనో అక్క

మా ఊళ్ళో ఎవరింటి నుంచైనా పళ్ళెంలో ఏదైనా వస్తే ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే ఒక అగ్గిపెట్టె అయినా వేసి పంపాలి. అది మర్యాద, కాదనను. కానీ మర్యాదకీ ఓ హద్దుండొద్దూ? నేను షిగెనో అక్కకి ఒక టోఫు ముక్క పంపానంటే, నా చేతి తడి ఆరకముందే పళ్ళెం మా గుమ్మంలో ఉండేది, దాని నిండా ఉడికించిన చేమదుంపలు. చేమదుంపలకి బదులు నేను వేయించిన టోఫు పంపితే, దానికి బదులు బుట్టెడు కమలాపళ్ళు. మా ఆయన తల పట్టుకునేవాడు.

"ఏమే హరుయో, ఇక ఆపుతావా? నువ్వు పంపేకొద్దీ మనమే ఆవిడకి బాకీ పడుతున్నాం" అనేవాడు.

నిజమే. అక్కకి నేను పడ్డ బాకీ ఇవాళ్టిది కాదు. టోఫు కొట్టు కోడలిగా ఈ ఊరొచ్చిన కొత్తలో నా కాన్పు పోయింది. పాప ఏడవకుండానే వెళ్ళిపోయింది. నేను గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అప్పుడు షిగెనో అక్క తెల్లవారకముందే వచ్చి మా ఆయనతో పాటు సోయా గింజలు రుబ్బేది, పాలు కాచేది, ఆ తర్వాత నా పక్కన కూర్చుని గంజి చెంచాతో తాగించేది. నేను లేచి తిరిగేదాకా ఒక్కరోజు మానలేదు. తర్వాత నేను దండం పెట్టబోతే, "ఛీ, ఊరుకోవే. అదేమన్నా పనా?" అని వెళ్ళిపోయింది. తల్లి కూడా అంత చెయ్యదు. ఆ మాట ఆమె ముఖం మీద చెప్పే అవకాశం నాకు ఎన్నేళ్ళైనా ఇవ్వలేదు.

ఎనభై ఎనిమిది గుళ్ళ యాత్ర దారి మా ఊరి మీదుగానే హనగా కనుమ ఎక్కుతుంది. కనుమ మొదట్లో అక్కకీ ఆమె మొగుడు ఇసాము బావకీ కమలా తోట ఉండేది. తోట పక్కనే చిన్న పాక. కనుమెక్కే యాత్రికులకి అక్కడ టీ, కమలాలు, ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంపలు ఊరికే పెట్టేది. యాత్రికులకి అలా పెట్టేదాన్ని మావైపు ఒసెత్తాయ్ అంటారు. ఈ యాత్రకి మూలపురుషుడైన దైషిస్వామి ప్రతి యాత్రికుడి పక్కనా నడుస్తాడని నమ్మకం, అందుకే పెట్టినదాన్ని యాత్రికుడు వద్దనకూడదు. తీసుకుని, తన పేరు రాసిన చీటీ ఒకటి ఇచ్చి, దండం పెట్టి పోవాలి. అంతే.

ఒకసారి ఒసాకా ఆయన ఒకడు, "అబ్బే, వద్దండీ, ఇప్పటికే సంచి బరువుగా ఉంది" అన్నాడు. ఇక చూడాలి అక్కని.

"వద్దనడానికి నువ్వెవరివయ్యా? నీకిస్తున్నాననుకున్నావా? నీ పక్కన నడుస్తున్న దైషిస్వామికిస్తున్నా. ఆయనకి ఆకలేస్తోంది. నోర్మూసుకుని పట్టుకో!"

పాపం, ఆయన గబగబా నాలుగు కమలాలు జేబుల్లో కుక్కుకుని కొండెక్కేశాడు. నేనూ ఇసాము బావా కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ బావకే పక్షవాతం వచ్చింది. అప్పటినుంచి తోట కౌలుకిచ్చేసి, అక్క మంచం పక్కనే ఉండిపోయింది. తినిపించడం, తుడవడం, పక్కకి తిప్పడం, అన్నీ ఒక్కతే. బావ భారీ మనిషి. స్నానం చేయించడానికి సాయం వస్తానని మా ఆయన వెళ్తే, టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, బయటికి పంపేసింది. బావకి మాట సరిగా తిరిగేది కాదు. తిరిగినప్పుడల్లా ఒకటే మాట, "నీకు భారమైపోయానే."

"నోర్ముయ్యి. నీకు చెయ్యకపోతే నాకు పొద్దెలా పోతుంది?" అనేది అక్క.

అది విసుగు కాదు, నిజం. కమలాలు కోసే రోజుల్లో బావ పోయాక ఆ నిజమే ఆమె ప్రాణం మీదికొచ్చింది. పాక తెరవలేదు. పొయ్యి వెలిగించలేదు. చల్లన్నంలో వేడి టీ పోసుకుని రెండు ముద్దలు మింగేది, అదీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చలికాలం గడిచేసరికి కిమోనోలో మనిషి ఉందా లేదా అన్నట్టు అయిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, ఒంట్లో రోగమేమీ లేదు, తినాలి, కాస్త నడవాలి అన్నాడు డాక్టరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈవిడ అడగదు సరికదా, పెడితే తినదు! నేను పంపిన టోఫుని పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, నా పళ్ళెంలో కమలారసం డబ్బా పెట్టి తిప్పి పంపింది. ఆ డబ్బా చూస్తే, ఈ మనిషి ఇలాగే మర్యాదగా, ఎవరికీ ఏ బాకీ లేకుండా చచ్చిపోతుంది అనిపించింది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి పోట్లాడాను.

"బావ కర్ర మూలన పడి ఏడుస్తోంది, కనిపించట్లేదా? తోట పని దించుకున్నాక ఇద్దరం కలిసి కుమా కొండల్లో గుడిదాకా నడుద్దామని అన్నాడుగా? ఆ కర్రనైనా తీసుకెళ్ళవా?"

అక్క మూల వైపు చూసింది. బావ కుర్రతనంలో కొన్నాళ్ళు ఆ కర్రతో యాత్ర నడిచాడు, కింద కొస అరిగి పీచులేసింది. లేచి వెళ్ళి ఆ కొస నిమిరింది. చివరికి, "ఆయన కోసమైతే వస్తా" అంది. పోనీలే, ఎవరి కోసమైతేనేం?

కొట్టు మా ఆయనకి అప్పజెప్పి బయల్దేరాం. తెల్లచొక్కాలు, గడ్డి టోపీలు, గంట కట్టిన కర్రలు. అంతా బాగానే ఉంది కానీ అక్క వీపు మీది సంచి చూసి నాకు అనుమానమొచ్చింది.

"అంత బరువేంటక్కా?"

"బట్టలే."

మీసెకి గుడిలో దండం పెట్టుకుని, ఒజు వైపు నడిచాం. మొదటి రోజు ఆమె తల దించుకునే ఉంది. రెండో రోజు వెదురు తోపులో పిట్ట కూస్తే ఆగింది. వంతెన వచ్చినప్పుడల్లా, కింద దైషిస్వామి నిద్రపోతున్నాడన్నట్టు, చప్పుడు కాకుండా కర్ర పైకెత్తి పట్టుకుని మెల్లగా దాటేవాళ్ళం. ఊపిరి ఆడుతున్న మనిషిలా ఉందని నాకు ధైర్యమొచ్చింది.

అంతలో ఒక ముసలాయన సైకిలు దిగి, రెండు అన్నం ముద్దలు చేతిలో పెట్టబోయాడు.

"అయ్యో వద్దండీ, మీకెందుకు శ్రమ" అంది షిగెనో అక్క.

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. ఒసాకా ఆయన్ని కొండ మీదికి తరిమిన మనిషేనా ఈవిడ! ముసలాయన ముఖం చిన్నబోయింది. నేను మోచేత్తో పొడిస్తే తీసుకుంది. తీసుకున్న వెంటనే సంచి దించి, తాడు విప్పి, కొత్త తువ్వాలు ఒకటి తీసి ఆయన సైకిలు బుట్టలో పడేసింది.

సంచిలోకి తొంగిచూశాను. బట్టలట, బట్టలు! తువ్వాళ్ళు, సబ్బులు, బెల్లం మిఠాయి పొట్లాలు, అడుగున కమలాలు. దారిలో ఎవరేమిచ్చినా అక్కడికక్కడే బదులివ్వడానికి ఇంటి నుంచి మోసుకొచ్చింది.

"యాత్రకొచ్చావా, అంగడి పెట్టడానికొచ్చావా?" అని నడిరోడ్డు మీద అరిచాను. "పేరు చీటీ ఇస్తే చాలని ఊరందరికీ నీతులు చెప్పావే!"

"ఎవరి సొమ్మూ ఊరికే తినడం నావల్ల కాదు, హరూ."

"మరి నేను తిన్నానుగా! నీ గంజి తిన్నాను!"

ఆమె సంచి తాడు బిగించుకుని నడిచింది. మొండిది రాజుకంటే బలవంతురాలు, నేనేం చెయ్యగలను? టీ ఇచ్చినావిడకి సబ్బు, చిల్లర చేతిలో పెట్టిన బడిపిల్లకి మిఠాయి. ఉచికో దాటి కొండదారి పట్టేదాకా ఇదే వరస.

కొండల్లో వాన పట్టుకుంది. రాళ్ళు నాచుపట్టి జారుతున్నాయి. "ఆ సంచి ఇటివ్వు" అంటే ఇవ్వదు. ఒక మలుపులో అక్క మోకాలు మడతపడి, సంచితో సహా బురదలో కూలబడింది. లేపబోతే అరిచింది. మోకాలు అప్పుడే వాచిపోతోంది. చుట్టూ దేవదారు చెట్లు, వాన తప్ప ఏమీ లేదు.

కాస్త పైన పొగ కనిపించింది. ఒక చేత్తో అక్కనీ, ఒక చేత్తో ఆ దిక్కుమాలిన సంచినీ ఈడ్చుకుంటూ ఎలాగో ఆ ఇంటి వసారాకి చేర్చాను. లోపలినుంచి నడుము రెండుగా వంగిన బామ్మ ఒకావిడ వచ్చింది. పేరు నుయి. మమ్మల్ని చూడగానే, "వచ్చారా! వచ్చారా!" అని, మేమేదో కబురంపి వచ్చినట్టు సంబరపడిపోయింది.

గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, యాత్రికుడి కర్రంటే దైషిస్వామే కాబట్టి, ముందు కర్రలు అందుకుంది. బావ కర్ర కొసకున్న మట్టిని చంటిపిల్లాడి పాదం కడిగినట్టు వేళ్ళతో కడిగి, తుడిచి, లోపల దేవుడి దగ్గర నిలబెట్టి మొక్కింది. తర్వాత వచ్చి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదం చేతిలోకి తీసుకుంది.

అక్క నిప్పు తాకినట్టు కాలు లాక్కుంది. "అయ్యో, పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకుంటావా? వద్దు బామ్మా, వద్దు!" అంటూనే సంచిలో చెయ్యి పెట్టి, తడిసిన తువ్వాలు ఒకటి లాగి బామ్మ చేతిలో కుక్కింది.

నుయి బామ్మ ఆ తువ్వాలు చూసింది. ఆమె ముఖంలో సంబరం అంతా ఆరిపోయింది.

"ఇదేంటమ్మా? నా నీళ్ళకి ఖరీదు కట్టావా?"

బామ్మ వాన కురుస్తున్న దారి వైపు చూసింది.

"అటు పెద్దరోడ్డు పడ్డాక అందరూ బస్సుల్లో పోతున్నారు. ఈ దారిన మనిషి అలికిడి లేదు. మా అత్త పెట్టింది, ఆమె అత్త పెట్టింది, నేను మానలేను కదా? రోజూ పొద్దున టీ కాచి కూర్చుంటా. సాయంత్రం పెరట్లో పారబోస్తా. ఇవాళ పారబోయక్కర్లేదు అనుకున్నా." బామ్మ తువ్వాలు మడిచి అక్క ఒళ్ళో పెట్టింది. "నేనొక చేత్తో ఇస్తుంటే నువ్వింకో చేత్తో తిప్పికొడితే, నేనిచ్చింది ఎక్కడుంటుంది తల్లీ?"

ఇంత సూటిగా ఆమెతో మాట్లాడినవాళ్ళు మా ఊళ్ళో లేరు. వాన చూరు మీంచి కారుతోంది. అక్క ఒళ్ళో తువ్వాలు చూసుకుంది, బామ్మ ఖాళీ చేతులు చూసింది. తువ్వాలు తీసి సంచిలో పెట్టేసింది. తర్వాత, మెల్లగా, సిగ్గుపడుతూ, వాచిన కాలు తనే ముందుకి చాపింది.

బామ్మ కడుగుతోంది. వేళ్ళ సందుల్లో, మడమ మీద, మోకాలి చుట్టూ. షిగెనో అక్క ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా ఆమె కంట నీరు నేను చూడలేదు. ఇప్పుడు నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది.

"అంత మనిషి, నోటికి అన్నం పెడితే నోరు తెరిచేవాడు హరూ" అంది ఏడుపు మధ్యలో. "సిగ్గు చంపుకుని నోరు తెరిచేవాడు. నాకోసమే తెరిచేవాడు. ఆయన నాకేమీ ఇవ్వట్లేదనుకున్నా."

నేను ఆమె వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. నుయి బామ్మ మమ్మల్నిద్దర్నీ చూసి, "ఏడవండి, ఏడవండి, కానీ చారు చల్లారిపోతోంది" అంది.

ఆ పూట అక్క మిసో చారు రెండు గిన్నెలు తాగింది, ఊరేసిన ముల్లంగితో అన్నం తింది. వాపు తగ్గేదాకా అక్కడే ఉన్నాం. వచ్చేటప్పుడు ఒక్క సబ్బు కూడా బయటికి తియ్యలేదు. పేరు చీటీ మీద ఇసాము బావ పేరూ తన పేరూ రాసి, రెండు చేతులతో బామ్మకి ఇచ్చి, నేలకి తల ఆనించి దండం పెట్టింది. బామ్మ ఆ చీటీని గుమ్మం పైన పాత చీటీల కట్టలో దోపి, తలెత్తి చూసుకుని మురిసిపోయింది.

కుమా గుడి చూడకుండానే బస్సెక్కి ఇంటికొచ్చాం. గుడి ఎక్కడికీ పోదు. బావ కర్ర నుయి బామ్మ ఇంట్లో దేవుడి దగ్గరే ఉంది, మళ్ళీ వెళ్ళి అక్కడినుంచే నడవాలని.

వచ్చిన మర్నాడు నేను పళ్ళెంలో వేడి టోఫు పెట్టి, పైన కాస్త అల్లం, ఉల్లికాడలు వేసి అక్కకి పంపాను. చెయ్యి తడి ఆరింది. పళ్ళెం రాలేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, రాలేదు. నాకు కాలు నిలవలేదు. నేనేమైనా తొందరపడ్డానా, తినలేక పక్కన పెట్టిందా అని పడుకోబోయేదాకా మా ఆయన్ని వేపుకు తిన్నాను.

మరుసటి ఉదయం ఆవిరిలో నిలబడి సోయా పాలు వడకట్టే గుడ్డ పిండుతుంటే కొట్టు తలుపు జరిగిన చప్పుడైంది. షిగెనో అక్క కుంటుకుంటూ వచ్చి, పళ్ళేన్ని బల్ల మీద పెట్టింది. శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. దాని మీద ఏమీ లేదు.

మా ఆయన తొంగిచూసి కంగారుపడ్డాడు. "ఇదేంటి, ఖాళీగా ఉంది! అక్కా, ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వు నోర్ముయ్యవయ్యా!" అని అరిచాను. ఖాళీ పళ్ళెం తీసుకుని గుండెకి ఆనించుకున్నాను.

అక్క చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆప్రాన్‌కి తుడుచుకుంటోంది. ముఖం కందిపోయింది.

"చాలా బాగుందే" అంది. "ఇవాళ ఇంకాస్త పెద్ద ముక్క పెట్టు హరూ. ఆకలేస్తోంది."