మొక్కు లేని గుండు

డెబ్బైల చివర్లో ఒక మధ్యాహ్నం తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. ముందు సీట్లో గుండుతో ఉన్న ఒక తల్లి, ఏడెనిమిదేళ్ల కూతురు కూర్చున్నారు. పాప ఉన్నట్టుండి అరుస్తూ కిటికీకి తల బాదుకుంది. ఆపబోయిన తల్లి చేతిని కొరికింది.

కాస్త సర్దుకున్నాక, "పాప కోసం మొక్కుకున్నావా అమ్మా?" అని అడిగాను.

"మొక్కు కాదు సామీ. రేగితే నా జుట్టు పట్టుకొని పీకేస్తాది. జుట్టున్నన్నాళ్లూ దీన్ని ఎత్తుకునేదానికే భయపడినాను. ఇప్పుడు నెలనెలా గొరిగించుకుంటా. 'ఎన్ని మొక్కులే నీకు?' అని ఊర్లో నవ్వుతారు. నవ్వనీ."

చంద్రగిరి దాటాక పాప మళ్లీ రేగింది. చెయ్యి తల్లి తలమీదికి పోయి, పట్టు దొరక్క జారింది. ఆమె తల పక్కకు తీసుకోలేదు. పాపను రెండు చేతులా ఒళ్లోకి లాక్కుంది.