షాన్ మేడమ్ అడిగిన ఇంటిపేరు

శంషాబాద్ విమానాశ్రయంలో దిగే అతిథులకు ఎదురెళ్లి హోటల్‌కు తీసుకురావడం మనీషా ఉద్యోగం. పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టి ఆరేళ్లయింది. కొన్ని పేర్లు చదవాలంటే ఇప్పటికీ ఆమెకు నోరు తిరగదు.

ఆ పొద్దున బోర్డు మీద 'మిస్టర్ సియాన్ ఓబ్రియన్' అని రాసింది. అరగంట గడిచినా ఆ మగమనిషి రాలేదు. చివరికి స్తంభం అవతల, పెట్టె మీద కూర్చుని ఎదురుచూస్తున్న నెరిసిన జుట్టు పెద్దావిడను అనుమానంగా పలకరించింది. సియాన్ ఆవిడే.

మనీషా సిగ్గుపడి క్షమాపణ అడిగింది. ఆవిడ కోపగించుకోలేదు. కారులో ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. "షాన్ అని పలకాలమ్మా. ఇంగ్లీషువాళ్ల జేన్‌నే మా వేల్స్‌లో అలా అంటాం. అది అమ్మ పెట్టిన పేరు. ఇంటిపేరు నాన్నగారి ఐర్లండ్‌ది. 'ఓ' అంటే మనవడు. బ్రియన్ అనే పెద్దాయన సంతతి వాళ్లమని."

"మా దగ్గర షాన్ అంటే దర్జా, మేడమ్."

ఆవిడ మురిసిపోయింది. "మరి నీ ఇంటిపేరు?"

మోటబావి అని చెప్పింది మనీషా. పెళ్లయిన పదిహేనేళ్ల నుంచీ రాస్తున్నదే. ఎలా వచ్చిందో మాత్రం తెలియదు.

సాయంత్రం కందుకూరు దగ్గరి తమ ఊరు చేరగానే మామ చెన్నయ్యను అడిగింది. ఆయన చేతిలోని చాయ్ పక్కన పెట్టాడు.

"మా తాత వాళ్ల బాపు మోట కొట్టేటోడు బిడ్డా. ఎండకాలం ఊరంత ఆ బాయి నీళ్లే తాగేది. మోటబాయోళ్లు అనుడు షురూ జేసిన్రు. బడిల పంతులు మోటబావి అని రాసిండు. ఇన్నొద్దులకు నువ్వొక్కదానివే అడిగినవ్."

షాన్ మేడమ్ పేరు సంగతి, ఇంటిపేరు ముందున్న 'ఓ' సంగతి కూడా విని ఆయన మళ్లీ చాయ్ అందుకున్నాడు. "గట్లనా? ఆమెకు పేరు ముందట ఓ. మనకు ఎనక ఓళ్లు. ఇగ ఫరక్ ఏమున్నది?"

నాలుగో రోజు ఆవిడను విమానం ఎక్కించడానికి వెళ్తూ మనీషా ఇదంతా చెప్పింది. ఎద్దులు తోలుబానతో నీళ్లు తోడే తీరు చేతులతో చూపించింది. షాన్ 'మోటబాయోళ్లు' అని పలకబోయి రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గా అంది. లోపలికి వెళ్లేముందు మనీషా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు మనీషా బోర్డు రాసేముందే అతిథికి సందేశం పంపి, పేరెలా పలకాలో కనుక్కుంటుంది. ఇంటికి వెళ్లేసరికి చెన్నయ్య అరుగు మీద కూర్చుని ఉంటాడు.

"ఇయ్యాల ఎవలొచ్చిన్రు బిడ్డా? ఏం పేరట?"

చెప్పులు విప్పుతూనే మొదలుపెడుతుంది.