ఎనిమిది పుష్‌రాడ్లు

మునివెంకటమ్మ ఇరవై ఆరేళ్ళు గడియారాల ఫ్యాక్టరీలో పని చేసింది. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో ఆవగింజంత చక్రాలను వాటి చోట కూర్చోబెట్టడమే ఆమె పని. 2001లో ఆమె పనిచేసే విభాగం మూసేస్తే, స్వచ్ఛంద విరమణ తీసుకుని కాడుగోడిలోని ఇంటికి వచ్చేసింది. రెండు నెలలకే విసుగు పుట్టింది. తమ్ముడు పాపయ్యకు హొసకోటె రోడ్డు మీద పాత కార్ల గ్యారేజీ ఉంది. ఒకరోజు అన్నం డబ్బా ఇవ్వడానికి పోయి, వాల్వు స్ప్రింగును పట్టి ఉంచే చిన్న లాకు ముక్కలతో అతను తంటాలు పడడం చూసింది. లాకులకు కాస్త గ్రీజు రాసి, పట్టకారుతో రెండు నిమిషాల్లో ఎక్కించేసింది. మర్నాటి నుంచి తన డబ్బా కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

2003లో మహబూబ్ బాషా కారు వచ్చింది. ఆయన హొసకోటెలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కారు ఆయనకన్నా కొంచెమే చిన్నది, మారిస్ మైనర్. ఇంజను మొత్తం విప్పారు. వాల్వులను తెరిచే ఎనిమిది పుష్‌రాడ్లను మునివెంకటమ్మ ఒక అట్టకు బెజ్జాలు పొడిచి, నంబర్లు రాసి, వరసగా గుచ్చిపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆమె భోంచేసి వచ్చేసరికి అట్ట ఖాళీగా ఉంది. రాడ్లన్నీ గుడ్డ మీద తళతళలాడుతున్నాయి.

"నీకు పని తగ్గుతాదని కిరసనాయిల్లో కడిగేసినానక్కా," అన్నాడు పాపయ్య.

ఆమె ఖాళీ అట్ట చేతిలోకి తీసుకుంది. "ఏది ఎక్కడిదో గుర్తుండాదా?"

"అన్నీ ఒకటే కొలత కదా. ఎట్ల పెట్టినా నడస్తాది."

"నడస్తాదిలేప్పా. కానీ యాభై ఏండ్లు ఏ రాడ్డుకు ఆ రాడ్డు పైనుండే రాకరుతో ఒరుసుకుని అరిగినాయి. జత మారితే సద్దు చేస్తాయి."

"కొత్తవి వెతికిద్దునా?"

"నువ్వు సుమ్నే కూచో, ఏమీ ముట్టుకోవద్దు."

రాడ్లు పైకి తోసే రాకర్లు మాత్రం కడ్డీ మీద వరస చెడకుండా ఉన్నాయి. ఆమె ఫ్యాక్టరీ భూతద్దం తెచ్చుకుంది. ఒక్కో రాడ్డు పైకొసన ఉన్న చిన్న గిన్నెలో అరుగుదల ఏ పక్కకు ఉందో, అందులో కూర్చునే రాకరు గుండు ఏది ఎటు అరిగిందో రెండు రోజులు పోల్చి చూసింది. ఆరు జతలు ఖాయంగా దొరికాయి. మిగిలిన రెండూ ఎటు పెట్టినా సరిపోతున్నట్టే అనిపించాయి. అందాజుగా పెట్టి, వాల్వుల సందులు సరిచేసి బిగించింది.

బాషా మాస్టరు ఎదుటే పాపయ్య ఇంజను స్టార్ట్ చేశాడు. బాగానే నడిచింది గానీ, లోపల ఎక్కడో టిక్కు టిక్కుమంటోంది. మునివెంకటమ్మ పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడికి చెవి పెట్టింది.

"మూడోది, నాలుగోది తారుమారు చేసినట్టుండాను సార్. రేపు రాండి," అంది.

పాపయ్య తల దించుకున్నాడు. మాస్టరు మాత్రం నవ్వాడు. "ఇన్నేండ్ల బండి, ఒక రోజుకు ఏమవుతాదమ్మా," అన్నాడు.

మర్నాడు మళ్ళీ విప్పి ఆ రెండూ మార్చింది. ఈసారి స్టార్ట్ చేస్తే, పక్కనున్నవాళ్ళు గొంతు పెంచకుండానే మాట్లాడుకోగలిగారు. బాషా మాస్టరు ఎడమవైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కమ్మా. ఇంటి దగ్గర దించుతా."

ఆమె చేతులతో కూర్చిన గడియారాలు ఎవరు కట్టుకున్నారో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు తాను బిగించిన ఇంజను వెనకాలే కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వింటూ పోయింది. కాడుగోడి స్టేషను దగ్గర వాళ్ళ వీధి వచ్చింది. మాస్టరు బండి నెమ్మది చేశాడు.

"పెట్రోలు ఉంటే ఇంకొంచెం దూరం పోదామా సార్?" అంది మునివెంకటమ్మ.

ఆయన గేరు మార్చి ముందుకు పోనిచ్చాడు.