టర్బోకి గుంట నీళ్ల స్నానం

“వెనక సీటే లేదు, దీన్లో రొయ్యల మేత యాడ పెడతావురా?” అని నాగులమ్మ కొడుకు పెంచల్‌ను అడిగింది. వాకాడు దగ్గర రొయ్యల గుంటలు సాగుచేసే మనిషి, చెన్నైలో చేతులు మారిన రెండు సీట్ల టర్బో కారు కొనుక్కొచ్చాడు. కొన్న వారానికే దాని బలం చాలదన్నాడు. ఊరి రోడ్డు మీద అది మూడో గేరు దాటిందే లేదన్న సంగతి వేరు.

మనిషికో పిచ్చి ఉండాలి, అదే బతుకును వెలిగిస్తుంది అనేవాళ్లున్నారు. వాళ్లెవరూ ఆ ఏడాది పెంచల్ పక్కన కూర్చుని టీ తాగి ఉండరు. మేత డీలరు దగ్గర, ఐసు బండి దగ్గర, పెళ్లి బంతిలో విస్తరి ముందు కూడా అదే గోల: ఇంజన్లోకి గాలి ఎక్కించే పెద్ద టర్బో, పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, కొత్త సైలెన్సరు. చెన్నై దగ్గరి ట్రాకులో ఒక ఆదివారం ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చట. బిట్రగుంట బావమరిది నరేంద్రబాబు వస్తున్నాడు. అతణ్ని ఓడించాలి. ఇదీ పథకం.

తడలో కార్ల షెడ్డు నడిపే మాల్యాద్రి అడ్డం చెప్పాడు.

“ముందు బ్రేకులు, టైర్లు. బలం తర్వాత.”

“బ్రేకులేస్తే గెలుస్తామా అన్నా? గుంటలో గాలి చాలకపోతే ఇంకో ఏరేటర్ పెడతాం. ఇంజనుకీ అంతే గదా.”

“గుంటలో గాలి ఎక్కువైతే రొయ్య చావదు. ఇంజన్లో ఎక్కువైతే పిస్టన్ కరిగిపోద్ది. గాలికి తగ్గ పెట్రోలు పొయ్యాల. ఆ గాలిని చల్లార్చాల.”

చల్లార్చే పని ఇంటర్‌కూలర్‌ది. ముందు బంపరు వెనక ఉండే పల్చటి అల్యూమినియం జాలీ అది.

వాదించుకుని వాదించుకుని చివరికి టర్బో తెప్పించారు. డబ్బు మాల్యాద్రే పెట్టాడు. రొయ్యల సాగులో మేతకైనా మందుకైనా పట్టుబడి అయ్యాకే, అంటే రొయ్యలు పట్టి అమ్మాకే చెల్లింపు. ఇంజను భాగాలకూ అదే పద్ధతని పెంచల్ ఎవరినీ అడక్కుండా తేల్చుకున్నాడు.

ట్రాకు ఆదివారం ఇంకా వారం ఉందనగా బంపరు విప్పారు. వేలు తగిలితే జాలీ తెల్లటి పొడిగా రాలింది.

“కారును దేంతో కడగతా ఉండావు?” అన్నాడు మాల్యాద్రి.

“గుంట మోటారుతో. రోజూ పైపు పెట్టి లోపల్దాకా కొడతా.”

“ఉప్పునీళ్లా?”

“రొయ్యలు బతకడంలా అందులో?”

మాల్యాద్రి పానా కింద పెట్టి, బయటికిపోయి టీ తాగి వచ్చాడు. “కొత్త జాలీ వచ్చేదాకా టర్బో బిగించను.”

“ఒక్క ఆదివారమే గదన్నా. ఇంజను నాది.”

“ఇంజను నీదే. బిగించే చేతులు నాయి. పో.”

ఆదివారం పెంచల్ మేత వ్యానెక్కి చెన్నై పోయి కంచె ఇవతల నిలబడ్డాడు. నరేంద్రబాబు హెల్మెట్ తీసి, “కారు స్నానం అయిందా బావా?” అన్నాడు. తడ కబురు అతనికి ముందే చేరింది.

నెలకు జాలీ వచ్చింది, బిగించారు. ఇప్పుడు పెంచల్ కారును మంచినీళ్ల క్యాన్లతో కడుగుతున్నాడు. క్యాన్లవాడికీ పట్టుబడి అయ్యాకే అన్నాడు. ఇంట్లో తాగడానికి నీళ్లు చాలక నాగులమ్మ రోజూ తిట్టిపోస్తోంది. టర్బో మాత్రం తడ షెడ్డులో పెట్టె విప్పకుండానే ఉంది. చేతిలో డబ్బు పడితేగాని బిగించనని మాల్యాద్రి తేల్చి చెప్పాడు. ఆ తర్వాత గుంటల్లో రెండు పట్టుబడులు అయ్యాయి. మాల్యాద్రికి ఇంకా లక్షా పదివేలు రావాలి.